కాంచన దెయ్యమూ మన సుడుగాడూ

(తిరుపతి జిల్లాలోని ఒక ఆది ఆంధ్రవాడలో, అంబేడ్కర్ విగ్రహం ముందర రాత్రిపూట జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



నన్ను ఈడికి పిలిచినోళ్ళు "అయ్యోరూ, బాబాసాహెబ్ గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. చెప్తాను. కానీ ఈ పూట నేను దెయ్యం సినిమా గురించి మొదలుపెడతా. నవ్వబాకండి. ఎందుకు చెప్తా ఉండానో ముందు వినండి.

పోయిన నెల మీ వాడలో ఒక అవ్వ చచ్చిపోయింది. పాడె కట్టుకుని సుడుగాటికి పోతే, దారికి అడ్డంగా ఇనుప కంచె. "ఇది మా తోపు. ఈడ పాతేదానికి లేదు" అన్నారు. నాలుగు గంటలు ఎండలో పాడె దించుకుని నిలబడినారు. కడాకు అవ్వను వంక గట్టున పాతి, తలొంచుకుని వచ్చినారు. స్టేషనుకు పోతే అర్జీ కూడా తీసుకోలేదు.

ఆ రాత్రి నేను పలకరించేదానికి వచ్చినాను. పిల్లకాయలు అరుగు మీద కూర్చుని సెల్లులో సినిమా చూస్తా ఉండారు. 'కాంచన'. నేనూ కూర్చున్నా. ఒక తమ్ముడన్నాడు: "అయ్యోరూ, మన అవ్వ కూడా కాంచన మాదిరి లేచి వచ్చి, ఆ తోపు ఆసామి అంతు చూడాల." అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. ఇంకొక తమ్ముడు మాత్రం నవ్వలేదు. "అవ్వ రాకపోతే మనమే పోదాం. తోపుకు అగ్గి పెడదాం" అన్నాడు.

ఆ ఇద్దరు తమ్ముళ్ళకూ ఆ రాత్రి నేను జవాబు చెప్పలేకపోయినా. ఈ రాత్రి చెప్పేదానికి వచ్చినా.

ముందు ఆ సినిమా సంగతి. 2011లో రాఘవ లారెన్స్ తమిళంలో తీసి, తానే హీరోగా వేసినాడు. తెలుగులోకి డబ్బింగ్ చేసి వదిలితే మన దిక్కున కూడా బాగా ఆడింది. చిరంజీవి సినిమాలకు డాన్సు నేర్పిన లారెన్సే, నాగార్జునతో 2004లో 'మాస్' తీసిన లారెన్సే. మన జిల్లాలు తమిళ దేశానికి ఆనుకుని ఉండాయి. నగరి, సత్యవేడు, కుప్పం దిక్కున ఆ సినిమా తమిళంలోనూ, తెలుగులోనూ చూసినోళ్ళు ఉండారు.

ఇట్లాంటి సినిమాలకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఒక ఇల్లు, నలుగురు నవ్వించేవాళ్ళు, తెల్ల పౌడరు, పెద్ద శబ్దం ఉంటే చాలు. అందుకే దాని తర్వాత తెలుగులో వరసబెట్టి వచ్చినాయి. 2013లో 'ప్రేమకథా చిత్రమ్', 2014లో 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది'. సగం భయం, సగం నవ్వు. నేను వీటిని తక్కువ చేసి మాట్లాడను. కూలికి పోయి వచ్చిన మనిషి రోంతసేపు నవ్వుకుంటే తప్పేముంది?

అయితే ఒక ప్రశ్న వేసుకోండి. ఈ సినిమాల్లో దెయ్యం అయ్యేది ఎవురు?

కాంచన ఎవురు? హిజ్రా. కన్నవాళ్ళే ఇంట్లోంచి తరిమేసిన మనిషి. శరత్‌కుమార్ ఆ వేషం కట్టినాడు. ఆమెకు నీడ ఇచ్చిందెవురు? ఒక పేద ముస్లిం. ఆయనకు మతి సరిగా ఎదగని కొడుకు ఒకడు. ఆ ముగ్గురూ ఒక కుటుంబం. కాంచన తన మాదిరే ఇంట్లోంచి తరిమేసిన ఇంకొక బిడ్డను చేరదీసి డాక్టరు చదివిస్తాది. పేదోళ్ళకు ఆసుపత్రి కట్టాలని రూపాయి రూపాయి కూడబెట్టి భూమి కొంటాది. ఆ భూమి మీద ఒక ఎమ్మెల్యే కన్ను పడతాది. అడిగేదానికి పోతే కాంచననూ, ఆ పెద్దాయననూ, ఆ పిల్లోణ్ణీ చంపి, అదే భూమిలో పూడ్చేస్తారు.

అంతకు ముందు 2007లో ఇదే లారెన్స్ 'ముని' తీసినాడు. అందులో దెయ్యం ఒక మురికివాడ పెద్దమనిషి. నాయకుణ్ణి నమ్మి పేదోళ్ళ చేత ఓట్లు వేయించినాడు. గెలిచినాక ఇచ్చిన మాట సంగతేమని అడిగినందుకు చంపేస్తారు. చంపి ఊరుకోలేదు, డబ్బు తీసుకుని పారిపోయినాడని వాడోళ్ళకు చెప్తారు. ప్రాణం పోయిన బాధ కంటే దొంగ అనిపించుకున్న బాధే ఆ దెయ్యాన్ని నిలవనియ్యదు.

చూసినారా? భూమి పోగొట్టుకున్నోళ్ళు, ఓటు వేసి మోసపోయినోళ్ళు, చంపి పాతిపెడితే అడిగే దిక్కు లేనోళ్ళు. దెయ్యాలయ్యేది వీళ్ళే. తోపు ఆసామి దెయ్యమైన సినిమా నేనైతే ఇంతవరకూ చూడలేదు. ఆయనకు ఆ పని లేదు. బతికుండగానే ఆయన మాట చెల్లుతాది. చచ్చిపోతే రోడ్డు పక్కన సమాధి, దాని మీద పాలరాయి, ఏటేటా అన్నదానం. మాట చెల్లనోడే చచ్చినాక లేచి రావాల.

ఆ సినిమాలో నా మనసులో దిగబడినది ఒకటుంది. హీరో, అతని స్నేహితులు క్రికెట్ ఆడేదానికి ఒక బీడులోకి పోతారు. ఆట కోసం స్టంపులు దిగగొడతారు. ఆట మానేసి ఇంటికి వస్తే స్టంపులకు నెత్తురు అంటి ఉంటాది. కింద శవాలు ఉండాయి కద. పిల్లకాయలు ఆడుకునే నేల కింద ఎవురు ఉండారో వాళ్ళకు తెలియదు.

తమ్ముళ్ళారా, మన దిక్కున ఎన్ని తోపుల్లో, ఎన్ని ప్లాట్లలో గునపం దిగగొడితే నెత్తురు అంటుకుంటాదో ఎప్పుడన్నా లెక్క వేసినామా?

నా చిన్నప్పటి సంగతి చెప్తా. మా వాడకూ ఊరికీ మధ్యలో ఒక చింతమాను ఉండేది. దాని కిందనే మా తాతముత్తాతలను పాతినారు. ఊరోళ్ళంతా ఆ చింతమానులో దెయ్యం ఉండాదనేవాళ్ళు. మాపటేళ అయితే ఆ దారిన ఒక్క పెద్ద కులపోడు వచ్చేవాడు కాదు. గొడ్లను కూడా అట్ల తోలేవాళ్ళు కాదు. మా అవ్వ నవ్వేది. "నాయనా, ఆ దెయ్యం మంచిది. మన భూమిని కాపలా కాస్తా ఉండాది" అనేది.

తర్వాత ఏమైంది? మామిడికి గిరాకీ వచ్చింది. తోతాపురి కాయలకు గుజ్జు ఫ్యాక్టరీలు వచ్చినాయి. ఎకరా ధర పెరిగింది. ఒక పొద్దు చూస్తే చింతమాను లేదు. రాత్రికి రాత్రి కొట్టేసినారు. సమాధుల మీద ట్రాక్టరు తోలినారు. ఏడాదికి మామిడి మొక్కలు, రెండేండ్లకు కంచె. ముప్పై ఏండ్లు భయపెట్టిన దెయ్యం ఒక్క రాత్రిలో యాడికి పోయింది? ధర పెరిగేకొద్దీ వాళ్ళ దెయ్యం భయం తగ్గింది. అప్పుడు నాకు పన్నెండేండ్లు. ఆ పొద్దు నేర్చుకున్న పాఠం బడిలో ఎవురూ చెప్పలేదు: దెయ్యాన్ని నమ్ముకుంటే భూమి దక్కదు. కాగితం కావాల, సాక్షి కావాల, పది మంది నిలబడాల.

ఆ సినిమాలో హీరో రాత్రి పూట దొడ్డికి పోవాలన్నా అమ్మను తోడు పిలుస్తాడు. కోవై సరళ ఆ అమ్మ వేషం వేసింది. హాలంతా నవ్వు. నవ్వొస్తాది, నిజమే. మన వాడల్లో ఆడబిడ్డలు కూడా చీకటి పడినాక తోడు లేకుండా బయటికి పోరు. వాళ్ళు భయపడేది దెయ్యానికి కాదు. దానికి ఎవురూ నవ్వరు.

సరే. పోయిన నెల ఆ తమ్ముడు అడిగిన ప్రతీకారం దగ్గరికి వద్దాం.

ప్రతీకారం కత మన జిల్లాకు కొత్త కాదు. ధర్మరాజు గుడి కాడ భారతం ఆడతారు. కడ రోజు మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెట్టి చంపుతారు. అప్పుడు గానీ ద్రౌపది కొప్పు ముడవదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటేటా మే నెలలో వస్తాది. పెద్దోళ్ళు చెప్పే కత ఏమి? ఒక పాలెగాడు కొత్త పెండ్లికూతుళ్ళను చెరిచేవాడు. గంగమ్మను కూడా ముట్టబోయినాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతికేదానికి అమ్మ రోజుకొక వేషం కట్టింది. బైరాగి అయింది, బండ అయింది, తోటి అయింది. వాడు బయటికి రాలేదు. దొర వేషం కడితేనే వచ్చినాడు. తల నరికింది. తర్వాత మాతంగి వేషం కట్టింది. మగోళ్ళు చీర కట్టి, వేషాలు వేసి, బూతులు తిట్టుకుంటా తిరుగుతారు. 2024లో వచ్చిన 'పుష్ప 2'లో హీరో చీర కట్టి ఆడింది ఈ జాతర వేషమే.

భయం, నవ్వు, బూతు, ప్రతీకారం. నాలుగూ కలిపి మన తిరుపతి వీధుల్లో శానా కాలంగా ఆడతానే ఉండారు. కాంచన సినిమా ఆ జాతరకు చెల్లెలు మాదిరి. అందుకే మనకు అంత బాగా నచ్చింది.

కానీ ఆ కతలో ఒక సంగతి గమనించండి. తోటి వేషంలో వచ్చినప్పుడు పాలెగాడు తల కూడా బయట పెట్టలేదు. తోటి మాట ఎవురు వింటారు? దొర వస్తేనే వచ్చినాడు. జాతర వారం రోజులు. వేషం విప్పినాక తోటి తోటిగానే మిగిలినాడు, దొర దొరగానే మిగిలినాడు. ఏడాదికొకసారి కోపం తీర్చుకోనిచ్చి, మిగతా రోజులంతా తల వంచుకోమనే ఏర్పాటు ఇది. సినిమా కూడా అంతే. ఆడినంతసేపూ కాంచన మన కోపం తీరుస్తాది. బయటికి వస్తే కంచె కంచెలాగే ఉండాది.

అట్లని ఆ సినిమాలో నేర్చుకునేది లేదా అంటే, ఉండాది. రెండు సంగతులు చెప్తా.

ఒకటి. హీరో ఇంట్లోవాళ్ళు మొదట భూతవైద్యుణ్ణి పిలిచి దెయ్యాలను తరిమేస్తారు. తర్వాత వాటి కత తెలుస్తాది. ఎవురు చంపినారు, ఎందుకు చంపినారు, యాడ పాతినారు. కత విన్నాక హీరో తన ఒళ్ళు తానే ఇస్తాడు, "రా, నా ఒంట్లోకి వచ్చి నీ పని చేసుకో" అంటాడు. వినకముందు అది దెయ్యం. విన్నాక అది సాక్షి. మనం చేయాల్సింది కూడా అదే. చచ్చినోళ్ళ మాట వినాల, మన నోటితో దాన్ని చెప్పాల.

రెండు. ఎమ్మెల్యే ప్రాణభయంతో గుడిలోకి దూరతాడు. దెయ్యం గుడి గడప దాటలేదని వాడి ధైర్యం. కాంచన బయట నిలబడి దేవుణ్ణి నిలదీస్తాది. చంపినోడు లోపల, చచ్చినోళ్ళు బయటనా అని. అది చూస్తా ఉంటే నాకు దెయ్యం కనపడలేదు. మా తాత కనపడినాడు. మన చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా మన తాతలు గుడి గడప బయటనే. ఊరోళ్ళ లెక్కలో వాళ్ళు బతికుండగానే దెయ్యాలు. ఆ గడప దాటించింది దేవుడు కరుణించి కాదు. కొట్లాట చేసినోళ్ళు ఉండారు, చట్టం వచ్చింది.

ఇప్పుడు అగ్గి పెడదామన్న తమ్ముడికి జవాబు. నీ కోపం నాకు తెలుసు తమ్ముడూ. అవ్వ పాడెను నువ్వు మోసినావు. కానీ విను.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది మనోళ్ళను చంపినారు. చంపి గోతాల్లో కుక్కి తుంగభద్ర మురుగు కాలువలో పారేసినారు. ఎందుకు? శవం కనపడకపోతే నేరం కనపడదని. కాంచనను ఆ బీడులో పూడ్చింది కూడా అందుకే కద. చుండూరు మనోళ్ళు ఏమి చేసినారు? శవాలను వెతికి తెచ్చినారు. మూలనెక్కడో పాతమంటే ఒప్పుకోలేదు. ఊరి నడిబొడ్డున అందరికీ కనపడేట్లు సమాధులు కట్టినారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టినారు. దాచిపెట్టాలనుకున్న చావును ఎవురూ దాచలేని చోట పెట్టినారు. కోర్టు మా ఊరికే రావాల అని పట్టుబట్టి, చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. కూలి జనం తమ వీధిలోనే నడిచిన కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పినారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది.

మీరు అడుగుతారని తెలుసు. తర్వాత ఏమైంది? 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. నేను మీకు అబద్ధం చెప్పను. చట్టం మనకు అన్నీ చేసి పెడతాదని నేను అనడం లేదు. చట్టం మన చేతిలో ఒక కొడవలి. పట్టుకునే చెయ్యి ఉంటేనే కోస్తాది. అప్పుడప్పుడు మన చేతినే కోస్తాది. కానీ ఒకటి చూడండి. చుండూరు ఎనిమిది మంది దెయ్యాలు కాలేదు. వాళ్ళు అమరులైనారు. ఈ పొద్దుకీ రక్తక్షేత్రం కాడ జనం నిలబడతారు. కోర్టు వదిలేసినా జనం వదల్లేదు.

ఇప్పుడు నువ్వు తోపుకు అగ్గి పెడితే ఏమవుతాది? తెల్లారేసరికి వాడలో మగోళ్ళ మీద కేసులు. అవ్వ పాడె ఆపిన సంగతి అందరూ మరిచిపోతారు. "తోపు తగలబెట్టినోళ్ళు" అనే మాట మిగులుతాది. ముని సినిమాలో చచ్చినోణ్ణి దొంగను చేసినట్లు, మన అవ్వ చావును మన తప్పు కింద మార్చేస్తారు. ఆ ఆసామికి అంతకంటే ఏమి కావాల?

నీ చేతిలో అగ్గిపెట్టె కంటే గట్టిది ఒకటి ఉండాది. అందరూ చెవులు ఇటు పెట్టండి.

1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉండాది. అందులో రాసినారు: ఎస్సీలు శ్మశానాన్ని మిగతావాళ్ళతో సమానంగా వాడుకోకుండా అడ్డుకుంటే నేరం. ఎస్సీల భూమిని అక్రమంగా ఆక్రమించుకున్నా నేరమే. మంత్రగత్తె అనో, చేతబడి చేసిందనో మనవాళ్ళను కొట్టినా, మానసికంగా హింసించినా నేరమే. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా అయిదేండ్ల దాకా. ఎఫ్.ఐ.ఆర్. రాసేముందు ప్రాథమిక విచారణ అక్కరలేదని 2018లో ఇంకొక సవరణ వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తగ్గని అధికారి. అరవై రోజుల్లో చార్జిషీటు వేయాల. విధి చేయకుండా కూర్చున్న అధికారికి కూడా అదే చట్టంలో శిక్ష ఉండాది. సాక్షులకు రక్షణ, దారి ఖర్చులు కూడా రాసినారు.

ఇంకొకటి. చావు మీద అనుమానం ఉంటే, పాతిపెట్టిన శవాన్ని తవ్వించి పరీక్ష చేయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉండాది. సినిమాలో దెయ్యం చేసే పని చట్టంలో మేజిస్ట్రేటు చేయాల. ఆయన చేత చేయించాల్సింది మనం.

అందుకని ఈ వాడ చేయాల్సిన పనులు చెప్తా. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదటిది, చచ్చినోళ్ళ పట్టిక. ప్రతి ఇంటికీ పోయి అడగండి: మీ తాత పేరేమి, యాడ పాతినారు, ఏ ఏట పాతినారు, ఆ పొద్దు ఎవురు ఉండారు. అవ్వలారా, ఈ పని మీది. మీ తలకాయల్లో ఉండే లెక్క ఏ ఆఫీసులోనూ లేదు. నోట్సు పుస్తకంలో పిల్లకాయల చేత రాయించండి.

రెండోది, కాగితం. ఆ సర్వే నంబరు అడంగల్లో ఏమని ఉండాది, శ్మశానం పోరంబోకని ఉండాదా, పట్టా ఎవురి పేరుతో ఎప్పుడు ఎక్కింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాల. సర్వే చేసి హద్దులు చూపమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి. సోమవారం కలెక్టరాఫీసులో ఇంకొకటి. రశీదు లేకుండా ఇంటికి రాబాకండి.

మూడోది, ఫిర్యాదు. స్టేషనులో తీసుకోలేదు కద. ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి. పాడె ఆపిన తేదీ, గంట, ఎవురు ఏమన్నారు, ఎవురు చూసినారు, అన్నీ. ఆ పొద్దు సెల్లులో తీసిన ఫోటోలు ఉండాయని విన్నా. ఒక్కటి కూడా చెరపబాకండి.

నాలుగోది, మంది. ఒక్కడు పోతే అర్జీ. యాభై మంది పోతే ఉద్యమం. మాలపల్లె వేరు, మాదిగపల్లె వేరు అనుకుంటే కంచె రెండు పల్లెలనూ మింగతాది. చచ్చినాక అందరినీ పాతేది ఆ మట్టిలోనే.

బాబాసాహెబ్ మహద్‌లో 1927లో చెరువు నీళ్ళు తాగినాడు. నీళ్ళ కోసం మాత్రమే కాదు, మనమూ మనుషులమేనని చెప్పేదానికి. ఈ సుడుగాడు కూడా అంతే. ఆరడుగుల మట్టి కోసం అడుగుతా ఉండామని వాళ్ళు అనుకుంటారు. ఈ ఊళ్ళో మన తాతలు బతికినారు, చచ్చినారు, ఈ మట్టిలో ఉండారు అని చెప్పే హక్కు కోసం అడుగుతా ఉండాం.

తమ్ముళ్ళారా, సినిమా చూడండి. కాంచనను చూసి నవ్వండి, భయపడండి, ఈలలు వేయండి. నేనూ వేస్తా. అయితే రేప్పొద్దున లేచినాక అవ్వ కోసం ఎదురుచూడబాకండి. ఆమె జీవితమంతా కలుపు తీసింది, కోత కోసింది, బిడ్డలను సాకింది. చచ్చినాక కూడా ఆమె చేతనే పని చేయిద్దామా? ఆమె దెయ్యమై లేచి రావాల్సిన అక్కర లేకుండా చేసేది మన పని. సోమవారం పొద్దున్నే బస్సుకు అందరూ రండి. అర్జీ మీద మొదటి వేలిముద్ర అవ్వ కూతురిది ఉండాల.

జై భీమ్.